పదిహేడో నంబరు గొంతు

1983 ఆగస్టు 9, మంగళవారం ఉదయం పదిన్నరకి మహారాణిపేటలోని ఒక నర్సింగ్ హోములో దేవకుమారి గొంతులోంచి టాన్సిల్స్ రెండూ తీసేశారు. ఆమె వయసు ఇరవై నాలుగు. విశాఖపట్నం ట్రంక్ ఎక్స్ఛేంజిలో వేరే ఊళ్లకి ఫోన్లు కలిపే ఆపరేటరు.

ఆపరేషన్ చేసింది ఈఎన్‌టీ డాక్టరు సుందర్ రాజ్. ముందురోజు ఆయన ఆమె చేత నోరు తెరిపించి, నాలుకని స్టీలు పట్టీతో నొక్కి, టార్చి వేసి చూశాడు.

"వక్కలంత ఉన్నాయమ్మా. ఏడాదికి నాలుగుసార్లు జ్వరం ఊరికే వస్తుందా? తీసేద్దాం."

"తీసేస్తే నా గొంతు మారిపోతాదా, డాక్టరుగారూ?"

డాక్టరు ఆమె కంఠం మీద వేలు పెట్టాడు. "నీ గొంతు పుట్టేది ఇక్కడ. నేను కత్తి పెట్టేది దానికి పైన. పుట్టే చోటు నేను ముట్టుకోను. కానీ పుట్టింది పుట్టినట్టు బయటికి రాదు కదా. గొంతు వెనక నుంచి, నోట్లోంచి, ముక్కులోంచి వస్తుంది. ఆ దారి ఎలా ఉంటే మాట అలా వినపడుతుంది. గంగాళంలో తల పెట్టి మాట్లాడితే ఒకలా ఉంటుంది, వెదురు బొంగులో మాట్లాడితే ఒకలా ఉంటుంది. మాట్లాడింది నువ్వేగా?"

"అంటే మారుతాది."

"ఆ రెండు వక్కలూ పోతే దారి వెడల్పవుతుంది. కొంచెం తేడా వస్తుంది. కొన్నాళ్లు ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. తరవాత సర్దుకుంటుంది."

"అందరికీ సర్దుకుంటాదా?"

"చాలామందికి సర్దుకుంటుంది."

దేవకుమారికి ఆ 'చాలామంది' అన్న మాట నచ్చలేదు.

పక్కనే కూచున్న తల్లి పుష్పకుమారి కల్పించుకుంది. "గొంతు సూసి ఎవడన్నా పెళ్లాడతాడేటే? జొరాలు తగ్గితే సాలు. తీసీండి డాక్టరుగారూ."

గొంతు చూసి పెళ్లాడేవాడు ఒకడున్నాడని దేవకుమారికి అనుమానం. అతను ఆమెని ఇంతవరకూ చూడలేదు. ఆమె పేరు కూడా అతనికి తెలీదు.

అతని పేరు గురునాథరావు. పద్మనాభం నుంచి రోజూ బస్సులో ఊళ్లోకి వస్తాడు. పోర్టు దగ్గర ఒక స్టీమరు ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. ఏ ఓడ బెర్తు మీద ఉంది, ఏ ఓడ బయట లంగరేసి ఉంది, ఎంత ఖనిజం ఎక్కింది అన్నది పొద్దున్నే కలకత్తా హెడ్డాఫీసుకి చెప్పడం అతని పని. దానికి ట్రంక్ కాల్ బుక్ చేయాలి. ఉదయం డ్యూటీలో కలకత్తా బోర్డు దేవకుమారిది.

జనవరిలో వాళ్ల పరిచయం తగాదాతో మొదలైంది.

"మేడమ్, లైను కట్ చేశారేంటి?"

"మూడు నిమిషాలయింది సార్. ఎక్స్‌టెన్షన్ కావాలా అని రెండుసార్లు అడిగాను. మీరు ఖనిజం గురించి అరుస్తున్నారు."

"అరవకపోతే కలకత్తాకి వినపడదండీ!"

"అంత గొంతున్నవారికి టెలిఫోన్ దేనికి సార్? కిటికీ తెరవండి. చాలు."

"మీ నంబరు చెప్పండి. కంప్లయింట్ ఇస్తాను."

ఆపరేటరు పేరు చెప్పకూడదు. కంప్లయింట్ ఇస్తానని అడిగితే నంబరు చెప్పి తీరాలి. అది ఎక్స్ఛేంజి రూలు.

"సెవెంటీన్," అంది దేవకుమారి.

మరునాడు పొద్దున్న అదే గొంతు. "సెవెంటీన్ గారేనా? కంప్లయింట్ రాద్దామంటే కాగితం దొరకలేదండీ."

"మా దగ్గర బోలెడున్నాయి సార్. ప్యూన్ చేత పంపమంటారా?"

అవతల నవ్వు వినపడింది. ఆ నవ్వు నూతిలోంచి వచ్చినట్టుంది. ఇతను లావుపాటి మనిషి అయ్యుంటాడు, మీసం ఉండి ఉంటుంది అనుకుంది దేవకుమారి.

కలకత్తా పలికేదాకా రోజూ కొంత ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో మాట్లాడుకునేవాళ్లు. వెనక బల్ల దగ్గర కూచున్న సూపర్వైజరు ఏ లైన్లోకైనా ప్లగ్గు పెట్టి వినగలదు. అందుకని వాళ్ల మాటలు ఓడల మీదుగా నడిచేవి.

"ఇవాళ బయట ఏ ఓడ ఉంది సార్?"

"ఒక గ్రీకు ఓడండీ. నాలుగు రోజులై నిలబడింది. లోపలికి రమ్మనేవాళ్లు లేరు."

"దారి చూపే పైలట్ రాకుండా ఓడ లోపలికి ఎలా వస్తుంది?"

"పైలట్‌కి ఆ ఓడంటే ఇష్టం లేదేమో."

"పైలట్ ఇంకా ఓడని చూడనే లేదు కదా సార్. కలకత్తా వచ్చింది, మాట్లాడండి."

మే నెల ఎండల్లో అతను ఓడల్ని పక్కన పెట్టి ఒక మాట అన్నాడు. "సెవెంటీన్ గారూ, మా మేనేజరు గదిలో ఫ్యాను ఉంది. మాకు లేదు. పొద్దున్న మీ గొంతు వింటే ఆ ఫ్యాను ఇటు తిప్పినట్టుంటుంది." దేవకుమారి ఆ రోజు ఒక కలకత్తా కాలుని మద్రాసుకి కలిపింది.

సెలవు పెట్టే ముందు ఆఖరి రోజున చెప్పింది. "రేపట్నించి మూడు వారాలు నేనుండను సార్."

"ఏం?"

"సొంత పని."

"పెళ్లా అండీ?"

"కాదు సార్."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "అయితే మీరు తిరిగొచ్చాక ఒక మాట అడుగుతాను. ఓడల మీదుగా కాదు. సూటిగా."

ఆ మాట ఏమిటో దేవకుమారికి తెలుసు. జవాబు కూడా తయారుగానే ఉంది. కాకపోతే ఆ జవాబు చెప్పే గొంతు అప్పటికి ఉంటుందో ఉండదో తెలీదు.

ఆపరేషన్ అయ్యాక పది రోజులు మాట్లాడొద్దన్నారు. తండ్రి దయానందం లోకో షెడ్డులో ఫిట్టరు. కంచరపాలెంలో వాళ్ల చర్చిలో పాటలు పాడే కోయిరుని ఆయనే నడుపుతాడు. డ్యూటీ దిగి వస్తూ రోజూ కూతురికి ఐస్‌క్రీమ్ తెచ్చేవాడు. పదకొండో రోజు పొద్దున్న ఆమె నోరు విప్పింది.

"నాన్నా, కాఫీ."

దయానందం పేపరు దించాడు. వంటింట్లోంచి పుష్పకుమారి బయటికొచ్చింది. "ఎవులే అది?" అంది.

దేవకుమారికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. దయానందం హార్మోనియం దించి, దుమ్ము తుడిచి, ఒక మెట్టు నొక్కాడు. "ఇది పట్టు." ఆమె పట్టింది. ఇంకోటి నొక్కాడు. అదీ పట్టింది.

"శ్రుతి ఎక్కడికీ పోలేదే! ఒక్క మెట్టు కూడా జారలేదు."

"మరి తేడా ఏటి నాన్నా?"

ఆయన ఆలోచించాడు. "అదే పాట మౌతార్గాన్ మీద వాయించినట్టున్నాది."

"ఊరుకోండి. ఓదార్చమంటే ఉన్నది కూడా ఊడదీత్తన్నారు," అంది పుష్పకుమారి.

మర్నాడు నర్సింగ్ హోములో డాక్టరు సుందర్ రాజ్ అద్దం ముక్క ఒకటి ఆమె ముక్కు కింద పెట్టి 'కాకి' అనమన్నాడు. అంది. అద్దానికి ఆవిరి పట్టింది.

"చూశావా? నోట్లోంచి రావలసిన గాలి ముక్కులోంచి పోతోంది. అంగిలి వెనక మెత్తటి తలుపు ఒకటుంటుంది. కాకి అన్నా, పాప అన్నా అది లేచి ముక్కుదారి మూయాలి. నొప్పికి జడిసి అది లేవడం మానేసింది. దానికి మళ్లీ పని నేర్పాలి. బుగ్గలు పూరించి గాలి బిగబట్టు. సన్నటి గొట్టంతో గ్లాసు నీళ్లలోకి ఊదు. కాకి కేక, పాప పీట అని పొద్దున్నా సాయంత్రం చదువు."

"ఎన్నాళ్లు?"

"అది నేర్చుకునేదాకా."

కంచరపాలెంలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. మూడో రోజున పక్కింటావిడ వచ్చి, "మీ ఇంట్లో కాకి సొరబడినాదేటి, పుష్పమ్మా?" అని అడిగి వెళ్లింది.

సెలవు అయిపోయింది. తలుపు పని నేర్చుకోలేదు. దేవకుమారి డ్యూటీలో చేరింది. తొమ్మిది దాటాక, రోజూ అతని కాలు వచ్చే వేళకి, బోర్డు మీద దీపం వెలిగింది. ప్లగ్గు పెట్టింది.

"గుడ్ మార్నింగ్, ట్రంక్స్."

"గుడ్ మార్ని... ఎవరండీ మాట్లాడేది?"

"నంబరు చెప్పండి సార్."

"సెవెంటీన్ గారు ఇవాళ రావాలే. రాలేదా? మీరు కొత్తా? జలుబు చేసినట్టుంది మీకు."

నేనే అనడానికి ఆమె నోరు తెరిచింది. మూడు వారాలు ఎదురుచూసిన మనిషి, మొదటి మాటకే ఆమెని ఇంకెవరో అనేశాడు.

"కొత్తే," అంది.

"సెవెంటీన్ గారు?"

"సెలవు పొడిగించారు సార్. కలకత్తా ఆర్డినరీయా, అర్జెంటా?"

పక్క సీటులో తాయారు ఉంది. ఇద్దరూ ఒకే బ్యాచి. తాయారు తన ప్లగ్గు చేతిలోనే పట్టుకుని తిరిగి చూసింది.

"ఏటే, నీకు నువ్వే సెలవిచ్చీసుకున్నావా?"

"మరేటి సెయ్యమంటావు? గొంతు పోయిందని సెప్పమంటావా? ఆయన అడుగుతానన్నది ఈ గొంతుని కాదు."

"గొంతునేటి అడిగేది? మనిషిని అడుగుతాడు గాని."

"మనిషిని సూసినాడేటి? ఆయనకి నానంటే గొంతే. అది వచ్చేవరకూ సెవెంటీన్ సెలవులోనే ఉంటాది."

"రాకపోతేనో?"

దేవకుమారి తరవాతి దీపం చూసుకుంది.

గురునాథరావు రోజూ అడిగేవాడు. సెవెంటీన్ గారి కబురేమైనా తెలిసిందా? ఒంట్లో బాగాలేదా? నా మీద కోపమా? కొత్త ఆపరేటరు రోజూ ఏదో ఒకటి చెప్పేది. చెబుతూ ఉండగా మాటలు పెరిగాయి. సెవెంటీన్ అయితే ఆచి తూచి మాట్లాడేది. కొత్తావిడకి పోయేదేమీ లేదు. నోటికొచ్చింది అనేది.

"మీరు బస్సులో నిలబడి వస్తారా, కూచుని వస్తారా సార్?"

"పద్మనాభంలో కూచుంటానండీ. ఆనందపురంలో ఒక ముసలావిడ ఎక్కుతుంది. అక్కణ్నించి నిలబడతాను."

"రోజూ ఒకావిడేనా?"

"ఒకావిడే. నా కోసమే ఎక్కుతుందేమో అని అనుమానం."

"అయితే ఆవిడని చేసుకోండి. సీటు ఇంట్లోనే ఉంటుంది."

అతను ఎంతసేపు నవ్వాడంటే, కలకత్తావాడు వచ్చి హలో హలో అని పెట్టేశాడు.

రెండో వారంలో అతను అసలు సంగతి చెప్పాడు. ఇంట్లో సంబంధం చూశారు. మా అమ్మ వచ్చేవారం ఆదివారం దాటాక మాటిచ్చేస్తానంటోంది. సెవెంటీన్ గారు ఔనంటే ఈ సంబంధం వద్దంటాను. ఆవిడని ఒక్కసారి కలిపించగలరా?

"అడిగి చూస్తాను సార్," అంది దేవకుమారి. ఆ రాత్రి నీళ్ల గ్లాసులోకి ఊది ఊది ఆమె దవడలు నొప్పెట్టాయి.

ఆ మరునాటి నుంచి గురునాథరావు మారిపోయాడు. "కలకత్తా. అర్జెంట్. థాంక్యూ." అంతే. ముసలావిడ కబురు అడిగితే "ఉందండీ" అన్నాడు. ఖాళీ దొరికితే లైను మీద ఊపిరి తప్ప ఇంకేమీ లేదు. ఈ ముక్కుగొంతు వినీ వినీ విసుగెత్తింది అనుకుంది దేవకుమారి.

"సెప్పీ. ఆదివారం దాటితే ఆల్లమ్మ మాటిచ్చీసినాక నువ్వేటి సేత్తావు?" అంది తాయారు.

"ఈ గొంతుతోనా?"

"నీకు ఇంకోటి ఉన్నాదేటే?"

శుక్రవారం నాడు దేవకుమారి కలకత్తా కలపబోయే ముందు చెప్పింది. "సెవెంటీన్ గారు ఆదివారం సాయంత్రం రామకృష్ణ బీచికి వస్తారట. నాలుగున్నరకి."

"ఎలా గుర్తుపట్టడం?" అన్నాడు.

"మాట్లాడితే గుర్తుపట్టరా సార్?"

"సరే." ఆ 'సరే'లో సంతోషం లేదు. దేవకుమారి చెవులతో బతికే మనిషి. ఆమెకి తెలిసిపోయింది.

ఆదివారం నాలుగు గంటలకి మబ్బు పట్టింది. దేవకుమారి బీచి రోడ్డు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. గాలి గొడుగుల్ని తిరగేస్తోంది. జనం మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడి టార్పాలిన్ కిందకి పరిగెత్తారు. ఆమె కూడా వెళ్లింది. అక్కడ ఒకాయన పొత్తు తింటూ నిలబడి ఉన్నాడు. లావుపాటి మనిషి. మీసం ఉంది. ఎనిమిది నెలలుగా తను అనుకున్న రూపమే. ఆమె ఎదురుగా వెళ్లింది.

"గురునాథరావు గారా?"

ఆయన నోట్లోది మింగాడు. "కాదమ్మా. నన్ను అర్జునరావంటారు," అన్నాడు. ఆ గొంతు పిల్లనగ్రోవిలా ఉంది. అంత మనిషిలోంచి అంత సన్నటి గొంతా అని దేవకుమారి ఆయన వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూసింది.

ఉన్నారు. బక్కపలచటి మనిషి, గొడుగు మూస్తున్నాడు. మెడ పొడుగు. మెడలో కంఠమణి పైకీ కిందకీ కదులుతోంది.

"నా పేరు మీకెలా తెలుసండీ?" అన్నాడు. నూతిలోంచి వచ్చిన గొంతు.

దేవకుమారి ఆ మెడ వంక చూసింది. డాక్టరు చెప్పిన వెదురుబొంగు గుర్తొచ్చింది. మీసం లేదు. లావు లేదు. మొత్తం బొంగే.

"నేను ట్రంక్ ఎక్స్ఛేంజి నుంచి వచ్చాను," అంది.

అతను ఆమె వంక చూశాడు. ఆమె ఇక రెండిట్లో ఒక మాట కోసం కాచుకుంది. సెవెంటీన్ గారా అంటాడు, లేకపోతే కొత్తావిడా అంటాడు. అతను రెండూ అనలేదు.

"సెవెంటీన్ గారి ఫ్రెండా అండీ? ఆవిడ రాలేదా?"

"నా గొంతు ఎప్పుడూ వినలేదా మీరు?"

"లేదండీ. ఇదే మొదలు."

అప్పుడు దేవకుమారికి ట్రైనింగులో చెప్పిన పాఠం తట్టింది. టెలిఫోన్ తీగ మనిషి గొంతు మొత్తాన్ని మొయ్యదు. అడుగూ పైనా కోసేసి, మధ్య ముక్కని పంపిస్తుంది. అది పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. అతను విన్నది పాత గొంతులో ముక్క, కొత్త గొంతులో ముక్క. నిండు గొంతు ఇవాళే వింటున్నాడు.

ఏం చెప్పాలో ఆమె కూడదీసుకునేలోగా అతనే మొదలుపెట్టాడు.

"ఆవిడ రాకపోవడమే మంచిదయింది. మీరు ఫ్రెండు కాబట్టి ఆవిడకి ఒక మాట చెప్పండి. నేను ఆవిడకి తగినవాణ్ని కాదని చెప్పండి."

"ఎందుకు?"

"మనసు నిలవలేదండీ." అతను గొడుగు వంక చూస్తూ చెప్పాడు. "ఆవిడ సెలవులో ఉంటే ఆవిడ సీటులో ఇంకొకావిడ వచ్చింది. గొంతు ముక్కులోంచి వస్తుంది. మొదట్లో చిరాకేసేది. సెవెంటీన్ గారి కబురు కోసం మాట్లాడేవాణ్ని. తరవాత తరవాత కబురు అడగడం మర్చిపోయి మాట్లాడ్డం మొదలెట్టాను. ఒకరోజు బస్సులో వస్తూ చూసుకుందును కదా, తొమ్మిది ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను. సెవెంటీన్ గారి కోసం కాదు. ఆ ముక్కుగొంతు కోసం."

దేవకుమారి ఒక అడుగు దగ్గరికి వేసింది.

"ఒకర్ని ఎనిమిది నెలలు ఆశపెట్టి, ఇంకొకరికి మనసిచ్చేవాణ్ని ఏమంటారండీ? అందుకని వారం నుంచి కొత్తావిడతో కూడా మాట మానేశాను. ఇద్దరికీ చెప్పేసి, మా అమ్మ చూసిన సంబంధం కూడా వద్దనేద్దామనుకున్నాను. నాలాంటోడికి ఎవరూ వద్దు."

అర్జునరావు పొత్తు తినడం ఆపి వింటున్నాడు. పొత్తులవాడు విసరడం ఆపాడు.

"మానేసింది విసుగెత్తి కాదా?" అంది దేవకుమారి.

"విసుగా? మీకెవరు చెప్పారు?"

"నెల్లాళ్లకే ఇంకోదాని మీదకి పోయినాదా మనసు?" ఆమె గొంతు లేచింది. ఎక్స్ఛేంజి తెలుగు వదిలిపోయి కంచరపాలెం తెలుగు వచ్చేసింది. "నాను ఇంటికాడ కాకి కేక, పాప పీట అని నోరు పడిపోయేలాగ అరుత్తంటే, మీరు ఆ ముక్కుగొంతుతో నవ్వుకుంటన్నారా?"

"మీరెందుకు అరవడం? మీకూ వాళ్లకీ..."

"వాళ్లెవులు? ఇద్దరు లేరండీ! సెవెంటీను నానే. కొత్తదాన్నీ నానే. టాన్సిల్సు తీసేసినారు, గొంతు మారిపోయినాది. మీరు కొత్తా అన్నారు, కొత్తే అనీసినాను."

గురునాథరావు ఆమె వంక చూశాడు. అర్జునరావు వంక చూశాడు. మళ్లీ ఆమె వంక చూశాడు. నమ్మలేదు.

దేవకుమారి రెండు చేతులూ బొంగులా చుట్టి నోటికి పెట్టుకుంది. "ఆనందపురం ముసలావిడ ఎలా ఉంది సార్? సీటు ఇచ్చారా?"

గురునాథరావు చేతిలో గొడుగు జారి ఇసకలో పడింది.

"గ్రీకు ఓడ వెళ్లిపోయిందా సార్?" అంది ఆమె మళ్లీ. "పైలట్ ఇవాళే చూసింది. ఓడ కొంచెం బక్కగా ఉంది."

"ఓలమ్మో," అన్నాడు గురునాథరావు. పొత్తులవాడి తిరగేసిన బుట్ట మీద కూలబడ్డాడు. "ఇద్దరూ మీరేనా? పదిరోజులై నాను అన్నం తినలేదండీ. మోసగాణ్నయిపోయాననుకుని."

"అయితే పాపం తప్పిపోయినాది బాబూ!" అన్నాడు అర్జునరావు తన పిల్లనగ్రోవి గొంతుతో. "లెగు లెగు. ఆడకూతురు వానలో నిలబడినాది." తను పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.

గురునాథరావు లేచాడు. చాలాసేపు నవ్వాడు, మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"నేను ఒక మాట అడుగుతానన్నాను. ఇప్పుడు ఎవర్ని అడగాలి? సెవెంటీన్ గారినా, కొత్తావిడనా?"

"ఎవర్నైనా అడగండి. జవాబు ఒకటే."

"ఏంటది?"

"ముందు అడగండి సార్. ఆర్డినరీగా కాదు, అర్జెంటుగా."

అడిగాడు. ఆమె ఔనంది. వాన పెరిగింది. అర్జునరావు నలుగురికీ పొత్తులు చెప్పాడు, పొత్తులవాడితో కలిపి.

ఆ రాత్రి పద్మనాభంలో గురునాథరావు సంబంధం వద్దన్నాడు. అమ్మాయి పేరు దేవకుమారి అని, వాళ్లు చర్చికి వెళ్తారని చెప్పాడు. తల్లి పైడితల్లి అతనితో మాటలు మానేసింది. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. కంచరపాలెంలో పుష్పకుమారి రెండు రోజులు ఏడిచింది. మూడో రోజు గురునాథరావు వచ్చి మాట్లాడి వెళ్లాక దయానందం, "అబ్బాయి కోయిరులో నిలబడకపోయినా పరవాలేదు గాని, ఆ లోతైన బేసు గొంతు ఊరికే పోతాదని బాధగా ఉన్నాది," అన్నాడు. పుష్పకుమారి నవ్వింది. ఆ ఇంట్లో గొడవ అంతటితో తీరింది.

పైడితల్లి మౌనం దసరా దాటింది, దీపావళి దాటింది. నవంబరు ఆఖర్లో ఒక ఆదివారం ఆవిడ తనంతట తనే బయల్దేరింది. కొడుకుతో కంచరపాలెం వచ్చి, గడపలో చెప్పులు విడిచి, చాప మీద కూచుంది. పుష్పకుమారి ఇచ్చిన కాఫీ పక్కన పెట్టింది.

"ఏదీ, గుంటని పిలవండి."

దేవకుమారి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఓపాలి మాటాడు. మావోడు గొంతు గొంతని సంపేత్తన్నాడు. ఇనీసి పోతాను."

"ఏం మాట్లాడమంటారండీ?"

"ఏదో ఒకటి. నీకేటి వచ్చునో అదే."

దేవకుమారి తల వంచుకుంది. "నాకు వంట అంత బాగా రాదండీ. సేపల పులుసు మాత్రం వత్తాది. మీ అబ్బాయికి కోపం రాదు. నాకు వత్తాది. నానెవులో సెప్పకుండా ఒక అబద్ధం ఆడినాను, నెల్లాళ్లు ఆయన్ని ఏడిపించినాను. ఇంక ఆడను."

పైడితల్లి చెవి ఒగ్గి విన్నది. కొడుకు వంక తిరిగింది.

"ఇదేట్రా? మామూలు గొంతే!"

గురునాథరావు తల గోక్కున్నాడు.

"ఈ మామూలు గొంతుకేట్రా నువ్వు కూడు మానేసినావు? కోయిల కూత్తాదనుకున్నాను నాను. మా పెద్దాడపడుసు కూడా ఇలాగే మాటాడతాది!"

ముందు దయానందం నవ్వాడు. తరవాత దేవకుమారి నవ్వు ఆపుకోలేకపోయింది. గురునాథరావు నూతిలోంచి నవ్వాడు. పైడితల్లి అందరినీ ఒకసారి చూసి, చల్లారిపోయిన కాఫీ తీసుకుని తాగింది.

"సేపల పులుసులో సింతపండు ఎంతేత్తావు?" అని అడిగింది.

డిసెంబరులో డాక్టరు సుందర్ రాజ్ మరోసారి చూశాడు. అంగిలి తలుపు సరిగ్గా మూసుకుంటోందన్నాడు. ముక్కుగొంతు పోయింది. అయితే పాత గొంతు తిరిగి రాలేదు. ఇప్పుడున్నది ఆ రెండూ కాదు. చివరికి ఏ గొంతు ఉంటుందని ఆమె అడిగితే, "ఇదే ఉంటుంది," అన్నాడు డాక్టరు. దేవకుమారి ఆయనకి థాంక్స్ చెప్పి, బస్సెక్కి డ్యూటీకి వెళ్లింది.

1984 ఫిబ్రవరి 2, గురువారం, రిజిస్ట్రారు ఆఫీసులో దేవకుమారికీ గురునాథరావుకీ పెళ్లి జరిగింది. మొదటి సాక్షిగా దయానందం, రెండో సాక్షిగా తాయారు సంతకం చేశారు. మూడో సాక్షిగా పైడితల్లి వేలిముద్ర వేసింది.